తీసేసిన చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. భయం కాదు, వట్టి చిరాకు. నా బతుకు చెవుల మీద నడిచింది. పదకొండేళ్లు హైదరాబాదులో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేసి, ఆ తర్వాత ఇబ్రహీంపట్నంలో సొంతంగా చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నాను. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టడం, అక్కర్లేనిదాన్ని తీసెయ్యడం నా పని. ఇన్నేళ్లలో నాకర్థమైంది ఒక్కటే. మనుషులు సరిగ్గా వినరు. సగం వింటారు, మిగతా సగం తలకాయలోంచి తీసి పోసుకుంటారు. ఆ పోసుకున్నదానికి దయ్యమని పేరు పెడతారు.

ఒకసారి మా దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చాడు. హాస్టల్లో ఆడమనిషి ఏడుపు వినిపిస్తోందని ఫోన్లో రికార్డు చేసి తెచ్చాడు. రెండుసార్లు విన్నాను. మేడ మీది నీళ్ల ట్యాంకు పైపులో గాలి చిక్కుకుని చేస్తున్న చప్పుడు అది. వాల్వు మార్పించమని చెప్పాను. ఆయన వాల్వు మార్పించలేదు, హోమం చేయించాడు. పిల్లలకు యంత్రాల గురించి పాఠం చెప్పే మనిషి.

అందుకే ఇప్పుడు నేను చెప్పబోయేది చదివి ఎవరైనా నవ్వితే నాకు బాధ లేదు. వాళ్లకంటే ముందు నన్ను నేనే మస్తుగా వెక్కిరించుకున్నాను.

ఔటర్ రింగు రోడ్డు పడుతున్న రోజులవి. సాగర్ రోడ్డు మీద ఒక సిమెంటు దుకాణం పైన నా గది. కింద లారీలు, పైన నేను. నిన్నటిదాకా కందులు, ఆముదాలు పండిన చెలకల్లో రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి వెంచర్ అనేవాళ్లు. ప్రతి వెంచర్‌కూ ఒక ఆటో, ఆటో మీద మైకు, మైకులోకి నా గదిలో చేసిన రికార్డింగు. 'ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు' అని ఆ గొంతు చెప్పేది. రెక్కలుంటే తప్ప ఎవడూ ఇరవై నిమిషాల్లో పోలేడు. నేను రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. నిజమా అబద్ధమా చూడటం నా పని కాదు, గొంతు శుభ్రంగా ఉందా లేదా చూడటమే నా పని అనుకునేవాణ్ణి.

వాళ్లలో శ్రీశైలం ఒకడు. మంచాల రోడ్డులో వాళ్ల బావకు కోళ్ల ఫారం ఉండేది. పెద్ద షెడ్లు రెండు. వాటిని కూలగొట్టి ప్లాట్లు చెయ్యాలని బావ ఆలోచన. అప్పటిదాకా షెడ్లు చూసుకునేవాడు శ్రీశైలమే. ఇక ప్రకటనలో గొంతు కూడా తనదే ఉండాలని పట్టుబట్టాడు.

ఆ గొంతు గురించి చెప్పకుండా ఉండలేను. ముక్కులోంచి వచ్చేది. ప్రతి మాటకు ముందు గొంతు సవరించుకునేవాడు. మామూలుగా కాదు, రెండు దెబ్బలుగా, రెండోది పైకి లేస్తూ. ఒక్క నిమిషం ప్రకటనలో అలాంటివి పద్దెనిమిది దాకా ఉండేవి. అన్నీ నేనే ఒక్కొక్కటిగా కోసి పారేసేవాణ్ణి. నెల రోజులు వాడి గొంతుతో కుస్తీ పట్టాను. కన్నతల్లి కూడా ఆ గొంతును నేను విన్నంత దగ్గరగా విని ఉండదు.

ఒకరోజు రికార్డింగు మధ్యలో టీ తాగుతూ వాడే చెప్పాడు.

"మా షెడ్డుల ఒకడు పోయిండన్నా, పోయిన వారం. పెంటయ్యని. పట్టపగలే ఏసుకొచ్చి, తిరిగే ఫ్యాన్ల చెయ్యివెట్టిండు. తాగినోనికి ఫ్యాను ఏందో పెండ్లాం ఏందో ఎర్కుంటదా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. పని ఇచ్చేవాడు నవ్వితే మనమూ నవ్వాలి కదా అని చెప్పుకోవచ్చు. కానీ అది అబద్ధం. నాకు నిజంగానే నవ్వొచ్చింది.

ఆ తర్వాత మూడు వారాలకు, పొద్దున పదకొండు గంటలప్పుడు, ఒక ఆమె, వెంట ఇరవై ఏళ్ల లోపు పిల్ల, మెట్లెక్కి వచ్చారు. ఆమె పేరు అండాలు. పిల్ల పేరు స్వప్న. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. పిల్ల చేతిలో చిన్న ఫోను, దాన్ని రుమాలులో చుట్టి తెచ్చింది.

"సారు, మాటలల్ల సప్పుడు తీస్తరట గదా మీరు?" అంది అండాలు.

"ఏం మాటలు?"

"మా ఆయనయి. పోయిండు. మంచాల రోడ్డు కోళ్ల ఫారంల."

నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. పెంటయ్య భార్య అని అర్థమైంది. నా మొహంలో ఏమైనా కనబడిందేమోనని వైర్లు సర్దుతున్నట్టు వంగాను.

విషయం స్వప్న చెప్పింది. హాస్టల్లో పొద్దున్నే లేవలేక ఆమె రోజూ తిట్లు తినేదట. ఇంటికి వచ్చినప్పుడు పెంటయ్యను మంచం మీద కూర్చోబెట్టి, నిద్ర లేపుతున్నట్టు మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసుకుంది. దాన్నే అలారంగా పెట్టుకుంది. తండ్రి గొంతుతో లేచేది. తొమ్మిది రోజులు లేచింది. పదో రోజు నుంచి ఆ గొంతు వెనక ఫ్యాను చప్పుడు వస్తోందట.

"అంతకుముందు లేకుండె సార్," అంది ఆ పిల్ల. "బాపు పోయినంకనే వచ్చింది. బాపు మాట వినొస్తలే, ఫ్యానే వినొస్తంది."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్న పిల్ల, రేపు జనానికి సూదులు గుచ్చే పిల్ల, ఇలా మాట్లాడితే ఎలా?

"ఫోన్ల ఉన్నదానికి కాళ్లు రావమ్మా. మొదటినుంచే ఉన్నది. నువ్వు పట్టించుకోలే, గంతే," అన్నాను.

ఆ పిల్ల రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

ఫైలును కంప్యూటర్లోకి ఎక్కించి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. దాదాపు నిమిషమున్నర ఉంది. ఒక మగగొంతు, దగ్గరినుంచి, కాస్త సిగ్గుపడుతూ మొదలై తర్వాత ఊపందుకుంది. 'లే బిడ్డా. లే తల్లీ. తెల్లారింది. మొఖం కడుక్కో. ఆ సన్నీళ్లు పోసుకోకు, సర్ది అయితది. తిని పో. తినకుంట పోకు.' అలా సాగింది. మాట్లాడటం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియని మనిషి.

దాని మీద పరుచుకుని ఫ్యాను.

సీలింగ్ ఫ్యాను కాదు, టేబుల్ ఫ్యాను కాదు. పెద్ద రెక్కలు, బెల్టుతో తిరిగేది. గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను. బెల్టు ఎక్కడో అరిగింది కాబట్టి కీచుమంటోంది. రెండు కీచులు దగ్గర దగ్గరగా, మూడోది కొంచెం ఆలస్యంగా. దాని వెనక దూరంగా అలాంటివే ఇంకో నాలుగైదు ఫ్యాన్లు. కోళ్ల షెడ్డు లోపల నిలబడితే వినిపించే చప్పుడు.

"ఇది ఫారంల రికార్డు చేసిండ్రు గదా?" అన్నాను.

"కాదు సారు," అంది అండాలు. "మా ఇంటి ముంగట. మంచం మీద కూసోని చెప్పిండు. పొల్ల ముంగట నేను గూడ ఉన్న."

"ఇంట్ల ఫ్యాను ఉన్నదా?"

"రేకుల రూము సారు. ఒక్క బల్బు. గా దినం కరెంటే లేకుండె."

వాళ్ల ఇంటికీ ఫారానికీ మధ్య రెండు కిలోమీటర్లు. అంత దూరం నుంచి ఒక ఫ్యాను బెల్టు కీచుమనడం ఫోన్లో పడదు. అబద్ధం చెబుతున్నారనుకున్నాను. ఎందుకు చెబుతారో తెలియలేదు కానీ, జనం ఊరికే కూడా అబద్ధాలు చెబుతారని నాకు బాగా తెలుసు. సరే, నాకెందుకు, పని చేసిచ్చి పంపిద్దాం అనుకున్నాను.

పని పెద్దదేమీ కాదు. రికార్డింగులో ఎవరూ మాట్లాడని చోటు అర సెకను దొరికితే చాలు. అక్కడ ఉండేది చప్పుడొక్కటే. ఇదీ దాని రూపు అని కంప్యూటరుకు చూపిస్తే, మొత్తంలో ఆ రూపు ఎక్కడ కనబడినా వెతికి తీసేస్తుంది. ఎక్కువ తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. తక్కువ తీస్తే చప్పుడు మిగిలిపోతుంది. ఆ మధ్య గీత ఎక్కడుందో పట్టుకోవడమే నైపుణ్యం. అరగంటలో పట్టుకున్నాను.

స్పీకర్లలో పెట్టాను. పెంటయ్య గొంతు ఒక్కటే, పొద్దుటి గాలంత శుభ్రంగా వచ్చింది. 'లే బిడ్డా. లే తల్లీ.'

స్వప్న రెండు చేతులతో నోరు మూసుకుంది. అండాలు ఏడవలేదు. స్పీకరు వైపు ఒక అడుగు వేసి, అక్కడే నిలబడి, తల ఊపుతూ వింది. ఎదురుగా ఉన్న మనిషి చెబుతుంటే ఊకొట్టినట్టు.

"గిదే సారు," అంది. "గిట్లనే మాట్లాడుతుండె. తాగినోడు గిట్ల మాట్లాడుతడా, మీరే చెప్పుండ్రి? ఊరంత తాగిండంటుండ్రు. మా ఆయన కల్లు వాసన సూత్తెనే అవుతలికి పోతుండె."

నేను ఆ పిల్ల ఫోనుకు వైరు తగిలించాను.

నాకొక అలవాటు ఉంది. తీసేసిన చప్పుడును పారేసేముందు దాన్ని ఒకసారి విడిగా వింటాను. గొంతు ముక్కలేమైనా దానితో పాటు కొట్టుకుపోయాయేమో చూసుకోవడానికి. ఫైలును ఫోన్లోకి ఎక్కిస్తూ, వాళ్లు ఎదురుగా కూర్చుని ఉండగానే, హెడ్‌ఫోన్లలో తీసేసినదాన్ని వింటున్నాను.

మొదట ఫ్యాను ఒక్కటే. రెండు కీచులు, తర్వాత ఒకటి. దాదాపు నలభై సెకన్ల దగ్గర కీచు సాగింది, బరువెక్కింది, ఆగిపోయింది. దూరపు ఫ్యాన్లు అలాగే తిరుగుతున్నాయి. రేకు మీద ఇనుము తగిలిన చప్పుడు. ఊపిరి. వంగి, తలను ఎందులోనో పెట్టి పనిచేసే మనిషి ఊపిరి. అన్నీ సన్నగా ఉన్నాయి, పెంటయ్య దగ్గరి మాటల కింద ఇంతసేపూ అణిగి ఉన్నాయి. దూరంగా ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండు దెబ్బలుగా, రెండోది పైకి లేస్తూ. ముక్కులోంచి ఒక గొంతు.

"అయిందా? ఏస్తున్న."

వెంటనే, దగ్గరగా, గుసగుసకు కొంచెం ఎక్కువగా, ఇప్పుడే ఈ గదిలో 'లే బిడ్డా' అన్న గొంతే.

"ఆగు సారూ, చెయ్యి లోపటున్నది."

టక్.

ఆ తర్వాతది నేను రాయను. రెండు సెకన్లకంటే ఎక్కువ లేదు. తర్వాత మళ్లీ ఫ్యాను. రెండు కీచులు, ఒకటి. చివరిదాకా.

హెడ్‌ఫోన్లు తీశాను. నా ముందు ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. కింద లారీలోంచి సిమెంటు బస్తాలు దింపుతున్నారు.

"ఏమైంది సార్?" అంది స్వప్న.

"ఏం లేదు. అయిపోయింది. తీస్కపోండ్రి," అన్నాను.

పంపించేశాను. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాను. అండాలు నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకున్నాను కూడా. నా గొప్పతనం అంతే.

వాళ్లు వెళ్లాక నేను చేసింది ఏ తెలివైన మనిషైనా చేసేదే, దొంగను వెతకడం. ఎవరో షెడ్డులో రికార్డు చేసి, దాన్ని దీనితో కలిపి నన్ను ఆట పట్టిస్తున్నారు అనుకున్నాను. కానీ ఎక్కించేటప్పుడే ఫైలు తారీఖు నేను ఫోన్లో చూశాను. పెంటయ్య చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందుది. దాని ముందూ వెనకా ఉన్న ఫొటోల తారీఖులు కూడా వరుసగా సరిపోయాయి. కలిపినట్టు అతుకు ఎక్కడైనా ఉందేమోనని గీత గీతా పరిశీలించాను. అతుకులు కనిపెట్టడం నా పనే. లేదు.

నగరంలో నాతో పనిచేసిన ఒక పాత స్నేహితుడికి ఆ తీసేసిన ముక్కను పంపాను, ఏమీ చెప్పకుండా. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఏముందిరా ఇందుల? షెడ్డుల ఇద్దరు మనుషులు. ఫ్యాను ఆగింది, ఒకడు రిపేరు చేస్తుండు, ఇంకోడు స్విచ్చేసిండు. ఎవనికో దెబ్బ తగిలినట్టున్నది. యాడ రికార్డు చేసినవ్?"

"ఇంటి ముంగట," అన్నాను.

"పిచ్చోనివా?" అని పెట్టేశాడు. వాణ్ణి తప్పు పట్టను. నేనైతే ఇంకో రెండు మాటలు ఎక్కువే అనేవాణ్ణి.

మర్నాడు శ్రీశైలానికి ఫోన్ చేసి, ఫారం దగ్గర నిలబడి చూస్తే ప్రకటనకు మాటలు బాగా వస్తాయని చెప్పాను. "పోయి సూడన్నా, నేను పట్నంల ఉన్న," అన్నాడు వాడు. పొద్దున పది గంటలకు పోయాను. చిన్న రికార్డరు జేబులో పెట్టుకున్నాను.

రెండో షెడ్డు చివర గోడకు వరసగా ఫ్యాన్లు. నడుస్తున్నాయి. మూడోదాని దగ్గరికి వెళ్లేసరికి నాకు ఎవరూ చూపించాల్సిన పని లేకపోయింది. రెండు కీచులు దగ్గర దగ్గరగా, మూడోది ఆలస్యంగా. మనిషి చచ్చిన ఫ్యానుకు బెల్టు కూడా మార్చలేదు. తుడిచి, మళ్లీ తిప్పారు. ఎలాగూ ప్లాట్లు చేస్తున్నారు కదా, కొత్త బెల్టు ఎందుకు దండగ?

రికార్డు చేసుకుని బయటికి వచ్చాను. దాణా బస్తాల దగ్గర ఎల్లమ్మ అనే పెద్దామె ఉంది. చాలా ఏళ్లుగా అక్కడే పని.

"పెంటయ్య తాగొచ్చిండా ఆనాడు?" అన్నాను, చుట్టూ తిప్పకుండా.

ఆమె నా వైపు, షెడ్డు వైపు, రోడ్డు వైపు చూసింది. "ఎవలు, పెంటయ్యనా? మా అందరిల ముట్టనోడు ఆయనొక్కడే."

"మరి ఏం జరిగింది?"

"ఈకలు సుట్టుకోని ఫ్యాను ఆగింది. బంద్ వెట్టి తీస్తుండె. శ్రీశైలం సారు స్విచ్చుబోర్డు కాడ ఉండె. నేను ఇటు దిక్కు దాణా పోస్తున్న."

"మరి చెప్పలేదేందక్కా?"

"ఎవలడిగిండ్రు?" అంది. "నువ్వే అడుగుతున్నవ్. నీకెందుకో మరి."

 ఇంటికొచ్చి రెండు ఫ్యాన్ల చప్పుళ్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. కీచుకూ కీచుకూ మధ్య ఎడం ఒక్కటే. ఒకటి ఆ పొద్దుటిది. ఇంకొకటి ఫ్యానే లేని ఇంటి ముందు, కరెంటు లేని పూట రికార్డయినది.

రెండు రోజులకు శ్రీశైలం వచ్చాడు, సాయంత్రం నాలుగింటికి, కొత్త ప్రకటన చదవడానికి. తెల్ల చొక్కా, కొత్త గడియారం. 'మన సొంతింటి కల' అని చదవడం మొదలుపెట్టి ఆగాడు, గొంతు సవరించుకున్నాడు. ఆ రెండు దెబ్బలు వినగానే నాకు చెయ్యి ఆగలేదు. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. అసహ్యం, అంతే.

"జర ఇది విను," అని హెడ్‌ఫోన్లు వాడి తలకు పెట్టాను.

విన్నాడు. మొదట నవ్వుతూ, "మా ఫ్యానే గదన్నా" అన్నాడు. తర్వాత నవ్వు ఆగింది. ఆ నలభై సెకన్ల దగ్గర వాడి వేళ్లు టేబులు అంచును పట్టుకున్నాయి. చివరిదాకా విని హెడ్‌ఫోన్లు తీసి చేతిలోనే పట్టుకున్నాడు.

"గది నేను కాదు," అన్నాడు.

నేను ఏమీ అడగలేదు. నువ్వేనని అనలేదు. పేరే ఎత్తలేదు.

"ఎవలు రికార్డు చేసిండ్రన్నా గిది?"

"పెంటయ్య బిడ్డ. తన ఫోన్ల. ఆయన పోకముందు, వాళ్లింటి కాడ."

"గట్లెట్ల అయితది? ఆ పొల్ల ఆనాడు హాస్టల్ల ఉండె. నేనే ఫోన్ చేసి చెప్పిన." గొంతు సవరించుకోబోయి ఆపుకున్నాడు. "ఇంకోపారి పెట్టు."

పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు. ప్రకటన కాగితం అక్కడే వదిలేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక నాకు కలిగింది గర్వం కాదు, కంగారు. వాడి బావ పలుకుబడి ఉన్నవాడు. సిమెంటు దుకాణం ఓనరుకు ఒక్క మాట చెబితే నా గది ఖాళీ. ఆ ఫైలు చెరిపేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను. దయ్యాలంటే భయం లేదని ఊళ్లో గొప్పలు పోయినవాణ్ణి ఒక రియల్ ఎస్టేటు మనిషికి భయపడి అన్నం సరిగ్గా తినలేదు.

నాలుగో రోజు స్వప్న ఫోన్ చేసింది. పొద్దున శ్రీశైలం వాళ్లింటికి వచ్చాడట. ఒక్కడే. వాడకట్టు వాళ్లందరూ చూస్తుండగా వాకిట్లో నిలబడి చెప్పాడట. పెంటయ్య తాగలేదు, ఫ్యాను బంద్ పెట్టి ఈకలు తీస్తున్నాడు, చూడకుండా స్విచ్చు వేసింది నేనే, తాగాడని పుట్టించిందీ నేనే అని.

"అమ్మ ఏమన్నది?" అన్నాను.

"కొడుతదేమో అనుకున్న సార్. కొట్టలే. 'నెమ్మదిగ చెప్తున్నవ్, ఎనకున్నోళ్లకు వినొస్తలే. ఇంకోపారి గట్టిగ చెప్పు' అన్నది. మళ్ల చెప్పిండు. 'ఇంక గట్టిగ' అన్నది. మూడుమాట్లు చెప్పిచ్చింది."

ఆ తర్వాత వాడు సర్పంచిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకు కూడా పోయాడు.

"మీరేమన్న అన్నరా సార్ ఆయనతోని?" అంది స్వప్న.

"నేనేమంట? నాకేం తెలుసు?" అన్నాను.

ఫ్యాను సంగతి నేను వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. తండ్రి 'లే బిడ్డా' అంటున్న మాటల కింద ఇంకేముందో ఆ పిల్లకు తెలియాల్సిన అవసరం లేదనుకున్నాను. అందులో దయ ఎంతో, పిరికితనం ఎంతో నేను లెక్క తియ్యలేదు.

ఫారం ఓనరు, శ్రీశైలం బావ మాత్రం తన పద్ధతి తప్పలేదు. బామ్మర్దికి మతి చెడిందని ఊరంతా చెప్పాడు. వారం తిరక్కుండా నా గదికి వచ్చి, ప్రకటనకు ఇంకో గొంతు చూడమన్నాడు. "వాని గొంతు మొదట్నుంచి మంచిగ లేకుండె" అన్నాడు. ఆ ఒక్క మాటలో తప్పు లేదు. షెడ్లు కూల్చారు, ఫ్యాన్లు పాత ఇనుముకు పోయాయి, రాళ్లు పాతారు. మొదట కొన్న నలుగురిలో ఒకాయన నా దగ్గరికి హాస్టల్ ఏడుపు తెచ్చిన లెక్చరరు. స్థలం చుట్టూ నిమ్మకాయలు కట్టించాడని విన్నాను.

కేసు చాలాకాలం తిరిగింది. దాని సంగతులు నాకు పూర్తిగా తెలియవు. స్వప్న నర్సయింది. పెంటయ్య తాగి చచ్చాడని ఆ ఊళ్లో ఇప్పుడు ఎవరూ అనరు.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బస్టాండులో శ్రీశైలం కనబడ్డాడు. యాచారంలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తున్నానన్నాడు. చిక్కిపోయాడు. కొత్త గడియారం లేదు. తప్పించుకు పోదామనుకున్నాను కానీ వాడే వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, గది ఇంక ఉన్నదా నీ కాడ?"

"ఉన్నది."

యాచారం బస్సు ఇంకా రాలేదని చూసుకుని, నా వైపు జరిగాడు.

"ఒక్కటి చెప్త. కోర్టుల చెప్పలే, ఎవ్వలకు చెప్పలే. ఆనాడు నేను 'అయిందా' అని అడిగిన. జవాబు రాలే. అయిందనుకున్న. ఏసిన." రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఆయన 'ఆగు సారూ' అన్నది నాకు వినరాలే అన్నా. అన్ని ఫ్యాన్లు తిరుగుతుండె. ఎల్లమ్మకు గూడ వినరాలే. ఆ మాట నేను ఫస్టు విన్నది నీ రూముల్నే. చెప్పకుంట పోయిండనుకున్న గప్పటిదాంక. చెప్పిండు గదా."

వాడి బస్సు వచ్చింది. లేచి ఎక్కాడు.

నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. అప్పటిదాకా నేను ఏదో ఒక దొంగదారి కోసం వెతుకుతూనే ఉన్నాను. షెడ్డులో ఎవరో రికార్డు చేసి ఉంటారు, ఎవరో విని ఉంటారు, ఎలాగో ఆ ఫోన్లోకి చేరి ఉంటుంది అని. ఆ మాట అన్నవాడు దవాఖానకు చేరకముందే పోయాడు. అక్కడున్న ఇద్దరికీ అది వినబడలేదు. లోకంలో ఏ చెవిలోనూ పడని మాట, అది పలకడానికి తొమ్మిది రోజుల ముందే రికార్డయిన ఒక అలారంలో, ఫ్యాను చప్పుడు అడుగున ఉంది. నేను తీసి చెత్తలో పడెయ్యబోయిన చప్పుడులో.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలుసన్నవాళ్లు ఇప్పటికి ముగ్గురు దొరికారు. ఒకరు ఆత్మ అన్నారు, ఒకరు అయస్కాంత తరంగాలన్నారు, ఒకరు నా చెవులు చెడిపోయాయన్నారు. ముగ్గురికీ హెడ్‌ఫోన్లు చేతికిచ్చాను. ఒక్కరూ పెట్టుకోలేదు.